నూట నలభై ఆరుగురు ట్రెవలక్‌లు

శ్యామ్‌సుందర్ ఇంటిపేరు చెరుకుమిల్లి. ఆ పేరుతోనే 1971లో అమెరికా వచ్చాడు, ఆ పేరుతోనే మాస్టర్స్ చదివాడు, ఆ పేరుతోనే డెట్రాయిట్ పక్కన ఫార్మింగ్టన్ హిల్స్‌లో కాపురం పెట్టి, కార్లకి బ్రేకులు తయారుచేసే ఒక కంపెనీలో టెస్ట్ ఇంజనీరుగా ఆరేళ్ళు పనిచేశాడు. 1979లో కార్ల అమ్మకాలు పడిపోయి, కంపెనీ సగంమందిని ఇంటికి పంపేసింది. ఆ సగంలో అతనూ ఉన్నాడు.

ఏడు నెలల్లో తొంభై మూడు అప్లికేషన్లు పంపాడు. జవాబులు నాలుగే వచ్చాయి, నాలుగూ కాదనేవే. ఉద్యోగాలు చూపించే ఏజెన్సీలో ఒక పెద్దమనిషి అతని రెజ్యూమే చేతిలో పట్టుకుని, చెడ్డ మాటను మంచిగా చెప్పాలని చాలా అవస్థపడ్డాడు.

"నీ అనుభవంలో లోపమేమీ లేదు. కానీ దీన్ని చూసినవాడు ఫోన్ ఎత్తాలి కదా. ఎత్తి ఏమని పిలవాలి నిన్ను? పలకలేని పేరుకి ఎవరూ ఫోన్ చేయరు."

ఆ మాట పట్టుకుని శ్యామ్‌సుందర్ లైబ్రరీకి వెళ్ళాడు. ఊరూరి టెలిఫోన్ డైరెక్టరీలు అక్కడ ఒక గోడ పొడవునా ఉండేవి. స్మిత్, బ్రౌన్ అని పెట్టుకుంటే తన మొహానికి నప్పదు, నవ్వుతారు. కాస్త పేరున్న ఇంటిపేరైతే ఏ స్మిత్‌లు మీరు, ఫలానావాళ్ళకి చుట్టాలా అని ఎవరో ఒకరు అడుగుతారు. ఎవరూ వినని పేరు కావాలి. మూడు రోజులు వెతికాక, మిషిగన్ ఉత్తరపు కొసన పాత రాగి గనుల ప్రాంతం డైరెక్టరీలో ఒకే ఒక్క లైను కనిపించింది: ట్రెవలక్, డబ్ల్యూ. చిన్న పేరు. పలకడం తేలిక. ఇంగ్లీషువాళ్ళ పేరేనని తెలుస్తుంది గానీ, ఎక్కడిదో ఎవరికీ తెలియదు. ఇదే బాగుందనుకున్నాడు.

కౌంటీ కోర్టులో జడ్జి కాగితాల మీంచి తల ఎత్తకుండానే అడిగాడు. "పేరు మార్పు ఎవరినైనా మోసం చేయడానికా?"

"కాదండీ."

సంతకం అయిపోయింది. శ్యామ్‌సుందర్ చెరుకుమిల్లి, సామ్ ట్రెవలక్ అయ్యాడు. భార్య వసుమతి, నాలుగేళ్ళ కూతురు రేణు కూడా ట్రెవలక్‌లే అయ్యారు. ఇంటికొచ్చి కాగితం చూపిస్తే వసుమతి చాలాసేపు చూసింది.

"మా నాన్నగారి ఇంటిపేరు వదిలేసి మీ ఇంటిపేరు పెట్టుకున్నాను. అది మామూలే అనుకున్నా. ఇప్పుడు ఇదెవరిదండీ?"

"ఎవరిదీ కాదు వసూ. ఉత్త పేరు."

మరుసటి నెలలో రెండు ఇంటర్వ్యూలు వచ్చాయి. మొదటిదానికి వెళ్ళి లాబీలో కూర్చుంటే, లోపలినుంచి వచ్చినాయన "సామ్ ట్రెవలక్?" అంటూ చేయి చాపి, పక్క కుర్చీలో కూర్చున్న తెల్లాయన దగ్గరికి నడిచాడు. శ్యామ్‌సుందర్ లేచి నిలబడ్డాడు. చాపిన చేయి ఒక్క క్షణం గాలిలో ఆగి ఇటు తిరిగింది. ఆ క్షణం గురించి అతను ఇంట్లో చెప్పలేదు. ఉద్యోగం వచ్చిందని మాత్రం చెప్పాడు. ఇండియాకి రాసే ఉత్తరాల మీద తన చిరునామా రాసేటప్పుడు 'శ్యామ్' అని మాత్రం రాయడం అప్పటినుంచే అలవాటైంది.

ఐదేళ్ళు అలా గడిచాయి. 1984 వేసవిలో ఒక ఉత్తరం వచ్చింది. పంపినవారి పేరు మిస్ విన్నిఫ్రెడ్ ట్రెవలక్. డైరెక్టరీలో అతను చూసిన డబ్ల్యూ ఆవిడే.

ఆవిడకి డెబ్భై రెండేళ్ళు. నలభై ఒక్క సంవత్సరాలు బడిలో జాగ్రఫీ చెప్పి రిటైరైంది. రిటైరైనప్పటినుంచి ప్రపంచంలో ట్రెవలక్ అనే పేరున్న ప్రతి మనిషినీ వెతికి పట్టుకోవడమే పనిగా పెట్టుకుంది. ఇంగ్లండుకి నైరుతి మూల కార్న్‌వాల్‌లో ఆ పేరుతో ఒక చిన్న పొలం, దాని మధ్య నాలుగిళ్ళు ఉండేవట. అక్కడి పాత భాషలో 'ట్రె' అంటే పల్లెలాంటిదేనట. ఆ పొలంలో ఉన్నవాళ్ళకి పొలం పేరే ఇంటిపేరైంది. తగరపు గనులు మూతపడ్డాక పలుగులు, పారలు భుజాన వేసుకుని తలో దిక్కూ పోయారు. "ఇవాళ్టికి మేము నూట నలభై ముగ్గురం. ఇంగ్లండులో అరవై ఒకటి, ఆస్ట్రేలియాలో ముప్ఫై ఎనిమిది, అమెరికాలో ఇరవై తొమ్మిది, కెనడాలో తొమ్మిది, దక్షిణాఫ్రికాలో ఆరు. మా గోడమీద పటంలో అందరికీ గుండుసూదులు గుచ్చాను. డెట్రాయిట్ వైపు ఎవరూ లేరనుకున్నాను. నా పాత విద్యార్థి ఒకడు అక్కడి ఫోన్ డైరెక్టరీ పంపితే అందులో మీరు దొరికారు. మీది ఏ శాఖ?"

అతను తేల్చుకోవడానికి వీలుగా శాఖలన్నీ వరసగా రాసింది. చివర్లో ఒక పేరా ఉంది. వాళ్ళ తాతగారి తమ్ముడు విలియం, 1891లో ఇరవై నాలుగేళ్ళవాడు, ఇండియాలో కోలార్ బంగారు గనుల్లో పనికి వెళ్ళాడట. మూడు ఉత్తరాలు రాశాడు. నాలుగోది రాలేదు. అతని తల్లి పోయేదాకా రోజూ పోస్టాఫీసుకి నడిచి వెళ్ళేదట. "ఆయన్ని వెతికేవాళ్ళలో నేనే ఆఖరిదాన్ని" అని రాసింది.

శ్యామ్‌సుందర్ ఆ ఉత్తరాన్ని ఆఫీసు సొరుగులో పడేశాడు. రెండో ఉత్తరం వచ్చింది. అదీ అక్కడికే చేరింది. మూడోసారి ఆవిడ స్టాంపు అంటించిన కవరు కూడా జతచేసింది. "చెప్పడం ఇష్టం లేకపోతే ఖాళీ కాగితం పెట్టి పంపండి. శాఖ తెలియదని రాసుకుంటాను."

ఖాళీ కాగితం పంపితే సరిపోయేది. ఆ తర్వాత చాలాకాలం అతన్ని నిద్రపోనివ్వని సంగతి అదే. కానీ అతని ఆలోచన ఇంకోలా నడిచింది. ఇంత పట్టుదల ఉన్న మనిషి ఏదో ఒకరోజు ఫోన్ చేస్తుంది. తన గొంతు వినగానే ఇండియావాడని తెలిసిపోతుంది. అప్పుడు అడుగుతుంది, మీకు మా పేరెలా వచ్చిందని. ఆ ప్రశ్నకి జవాబు ఆవిడే తన మొదటి ఉత్తరంలో రాసి పంపింది కదా.

లంచ్ టైములో టైప్‌రైటర్ ముందు కూర్చుని పది లైన్లు కొట్టాడు. మా ముత్తాత విలియం ట్రెవలక్. కోలార్ గనుల్లో పనిచేశారు. అక్కడే ఒక తెలుగామెని పెళ్ళి చేసుకున్నారు. కాగితాలేవీ మిగల్లేదు. ఇక్కడ నేను, నా భార్య, కూతురు ఉంటాం. సామ్.

కవరు పెట్టెలో వేసి వచ్చి మామూలుగా పనిచేసుకున్నాడు.

జవాబుగా నాలుగు పేజీల పత్రిక వచ్చింది. ట్రెవలక్ కుటుంబాలన్నింటికీ ఆవిడ ఏడాదికి రెండుసార్లు పంపే పత్రిక అది. మొదటి పేజీలో పెద్దక్షరాలతో 'విలియం దొరికాడు' అని ఉంది. కింద, మిషిగన్‌లో ముగ్గురు కొత్తవాళ్ళు చేరారని, మొత్తం నూట నలభై ఆరుగురమయ్యామని, ఆనందం పట్టలేక వంటింట్లో ఒక్కదాన్నే కూర్చుని ఏడ్చానని రాసింది. ఆ నెలనుంచి ఎవరెవరో ఉత్తరాలు రాయడం మొదలుపెట్టారు. ఆస్ట్రేలియానుంచి తొంభై ఏళ్ళ ముసలాయన, వంకరపోయిన అక్షరాలతో, "మా ఇంట్లోకి రా తమ్ముడూ" అని రాశాడు. క్రిస్మస్‌కి కార్డులొచ్చాయి. శ్యామ్‌సుందర్ వాటిని చించలేకపోయాడు, ఇంట్లోనూ పెట్టలేకపోయాడు. గరాజ్‌లో పాత పెయింటు డబ్బాల వెనక ఒక అట్టపెట్టెలో పోగేశాడు.

ఆ పెట్టె రేణుకి దొరికింది.

రేణుకి అప్పటికి తొమ్మిదేళ్ళు. బడిలో వంశవృక్షం గీసుకురమ్మన్నారు. రోలర్ స్కేట్స్ కోసం గరాజ్‌లోకి వెళ్ళి, పత్రిక పట్టుకుని పరిగెత్తుకుంటూ వచ్చింది. అతను టీవీ ముందున్నాడు.

"డాడీ, ఇది మనమేనా? విలియం మన గ్రేట్ గ్రేట్ గ్రాండ్‌ఫాదరా? నాకెందుకు చెప్పలే?"

క్లాసులో ఇద్దరు పిల్లలు తన పేరు దొంగపేరని ఏడిపిస్తున్నారని ఆ పిల్ల ఇదివరకు రెండుసార్లు చెప్పింది. ఇప్పుడు దాని కళ్ళు వెలిగిపోతున్నాయి.

"ఈజ్ ఇట్ ట్రూ, డాడీ?"

"అవును" అన్నాడు.

వంటింటి గుమ్మంలో వసుమతి నిలబడి ఉంది. చేతిలో గరిటె. వెనక్కి తిరిగి లోపలికి వెళ్ళిపోయింది. రేణు చార్టు మీద పైకొమ్మన విలియం పేరు రాసి, పక్కన గడ్డం, టోపీ ఉన్న బొమ్మ గీసింది. టీచర్ దాన్ని క్లాసు గోడకి అంటించింది. తల్లిదండ్రుల మీటింగుకి వెళ్ళినప్పుడు శ్యామ్‌సుందర్ ఆ గోడకేసి వీపుపెట్టి కూర్చున్నాడు.

1985 అక్టోబర్లో విన్నిఫ్రెడ్ తానే వస్తున్నానని రాసింది. ఐదువందల అరవై మైళ్ళు, బస్సులో. రావద్దనడానికి కారణం వెతికాడు, దొరకలేదు.

"ఆవిడ నన్నేదైనా అడిగితే నేను అబద్ధం ఆడను. నా చేత ఆడించకండి" అంది వసుమతి. "ఏం చెప్పుకుంటారో మీరే చెప్పుకోండి."

"పెద్దావిడ వసూ. ఒక్కపూట ఉండి వెళ్ళిపోతుంది. ఎందుకు బాధపెట్టడం?"

"బాధపెట్టడం ఎప్పుడో అయింది. ఇంక మిగిలింది ఆవిడకి తెలియడమే."

శనివారం పొద్దున పదింటికి మోటెల్‌నుంచి టాక్సీలో వచ్చింది. సన్నగా, పొడుగ్గా, నీలం కోటు వేసుకుని ఉంది, చేతిలో రేకు డబ్బా. గుమ్మంలోనే శ్యామ్‌సుందర్ మొహాన్ని రెండు చేతుల్లోకి తీసుకుని చూసింది. అతను కళ్ళు దించుకున్నాడు.

డబ్బాలో బన్నులున్నాయి. మూత తీయగానే వసుమతి ముక్కుకి వాసన తెలిసింది. "కుంకుమపువ్వు!" అంది.

"మా అమ్మమ్మ చేసేది. కార్న్‌వాల్‌నుంచి మాతో వచ్చింది ఇదొక్కటే, పేరు కాక" అని నవ్వింది విన్నిఫ్రెడ్. "మీరు మాంసం తినరేమోనని, అది కూరి చేసే పేస్టీలు మానేసి ఇవి చేశాను."

వసుమతి బన్ను తుంచి నోట్లో పెట్టుకుంది గానీ మింగడానికి కష్టపడుతోందని శ్యామ్‌సుందర్ గమనించాడు. రేణు మాత్రం ముసలావిడకి అతుక్కుపోయింది. బడినుంచి తెచ్చుకున్న తన చార్టు తీసుకొచ్చి చూపించింది. ఆవిడ కళ్ళజోడు మార్చుకుని చార్టంతా చదివి, విలియం గడ్డం బొమ్మ దగ్గర ఆగింది.

"గడ్డం లేదమ్మా ఆయనకి. చూడు" అని సంచిలోంచి ఒక ఫోటో తీసింది. అట్టమీద అంటించిన, గోధుమరంగు తిరిగిన ఫోటో. చెవులు కాస్త ముందుకొచ్చిన కుర్రవాడు, మెడకి రుమాలు. "నుదురు చూశావా? నీదే."

తర్వాత గుడ్డలో చుట్టిన మూడు కవర్లు తీసింది. మూడో ఉత్తరంలోంచి చదివి వినిపించింది. "అమ్మా, ఇక్కడి ఎండ సంగతి రాస్తే నమ్మవు. వచ్చే ఏడాది కాక ఆ పై క్రిస్మస్‌కి ఇంట్లో ఉంటాను. నా మంచం ఎవరికీ ఇవ్వకు." చదివి కవర్లో పెట్టి, మూడింటినీ రేణు ఒళ్ళో పెట్టింది.

"ఇవి నకళ్ళు కావు, అసలువి. తొంభై ఏళ్ళుగా మా ఇంట్లో ఉన్నాయి. నాకు పిల్లల్లేరు. ఆయన సొంత మనుషులకి చేరాలి ఇవి."

రేణు ఆ కవర్లని రెండు చేతులతో, పిట్టని పట్టుకున్నట్టు పట్టుకుంది.

వసుమతి శ్యామ్‌సుందర్ వైపు చూడటం లేదు, కిటికీలోంచి బయటికి చూస్తోంది.

"మిస్ ట్రెవలక్" అన్నాడు. "విలియం మాకేమీ కాడు. నా పేరు చెరుకుమిల్లి. మీ పేరు నేను కోర్టులో పెట్టుకున్నాను, ఉద్యోగం కోసం. మీకు రాసిందంతా అబద్ధం."

ఆవిడ నలభై ఒక్క ఏళ్ళు పిల్లల అబద్ధాలు విన్న మనిషి. బహుశా మిగతాది కూడా చెబుతాడేమోనని చూసింది. అతని దగ్గర మిగతాది లేదు.

"ఎందుకు మా పేరే?" అంది చివరికి.

"డైరెక్టరీలో ఒక్కరే ఉన్నారు. ఎవరికీ తెలియనివాళ్ళయితే... ఎవరూ అడగరనుకున్నాను."

"ఒక్కరమే ఉన్నాం కాబట్టే అడుగుతాం, మిస్టర్..." ఆగింది. ఇందాక విన్న పేరు పలకలేక కాదు, పలకాలనిపించక.

వంగి, రేణు చేతుల్లోంచి ఉత్తరాలు ఒక్కొక్కటే తీసుకుంది. రేణు వదిలేసింది. ఆవిడ వాటిని మళ్ళీ గుడ్డలో చుట్టడం పూర్తయ్యేదాకా చూసి, తండ్రివైపు తిరిగింది.

"యూ సెడ్ యెస్" అంది. "నేను అడిగాను. యూ సెడ్ యెస్." చార్టు అక్కడే వదిలేసి మేడమీదికి వెళ్ళిపోయింది.

మోటెల్ దాకా శ్యామ్‌సుందరే డ్రైవ్ చేశాడు. క్షమించమని రెండుసార్లు అన్నాడు. ఆవిడ రోడ్డుకేసి చూస్తూ కూర్చుంది. దిగేముందు మాత్రం, కోపం లేని గొంతుతో, "నూట నలభై ముగ్గురికి చెప్పాను నేను" అంది. "ఆస్ట్రేలియానుంచి మీకు ఉత్తరం రాసిన మా అన్నయ్య ఆర్థర్ పోయిన నెలలో పోయాడు. విలియం పెళ్ళి చేసుకున్నాడని, పిల్లల్ని కన్నాడని నమ్మి పోయాడు. అది మంచిదో చెడ్డదో నాకు తేలడం లేదు."

రేణు పదకొండు రోజులు అతనితో మాట్లాడలేదు. టీచర్‌తో తనే వెళ్ళి చెప్పిందట, చార్టులో తప్పుందని, విలియం పేరు కొట్టేశానని. ఆ సంగతి అతనికి వసుమతి చెప్పింది. "మీరు చేయాల్సిన పని అది చేసింది" అని మాత్రమే అంది.

తర్వాతి పత్రిక కూడా ఇంటికి వచ్చింది. అది వస్తుందని అతను అనుకోలేదు. రెండో పేజీలో చిన్న సవరణ ఉంది: 'విలియం గురించి ఇదివరకు అచ్చువేసినది పొరపాటు. సరిచూసుకోకుండా వేశాను, తప్పు నాదే. విలియం సంగతి ఇంకా తెలియదు.' అతని మాట ఎక్కడా లేదు. వెనకపేజీ జాబితాలో మొత్తం నూట నలభై ఐదని ఉంది. ఆర్థర్ ఒక్కడే తగ్గాడు. 'ఫార్మింగ్టన్ హిల్స్, మిషిగన్: ముగ్గురు' అన్న లైను అలాగే ఉంది. పక్కన 'కోర్టు ద్వారా, 1979' అని చేర్చింది. ఆవిడ తిట్టినా, పేర్లు కొట్టివేసినా అతను తట్టుకునేవాడు. తప్పు తనమీద వేసుకుని, అతన్ని లెక్కలోంచి తీయకుండా ఉంచడం తట్టుకోలేకపోయాడు. ఆ కాగితం పట్టుకుని గరాజ్‌లో చాలాసేపు నిలబడ్డాడు.

ఏం చేయాలో వారానికి తోచింది. అతని పిన్ని కొడుకు నరసింహ బెంగళూరులో బ్యాంకు ఉద్యోగి. అతనికి జరిగినదంతా, కోర్టు సంగతితో సహా, దాచకుండా రాశాడు. సొంతవాళ్ళలో ఒకరికి ఆ మాట చెప్పడం అదే మొదటిసారి. కోలార్ వెళ్ళి ఇంగ్లీషువాళ్ళ శ్మశానం, చర్చి రిజిస్టర్లు చూడమన్నాడు. నరసింహ నాలుగు ఆదివారాలు వెళ్ళాడు. రాళ్ళమీద పేర్లు చాలావరకు అరిగిపోయాయని, ముళ్ళపొదలు కొట్టించాల్సి వచ్చిందని రాశాడు. ఐదో ఆదివారం చర్చి బీరువాలో పాత రిజిస్టరు దొరికింది. ఫోటో తీసి పంపాడు. వాలు రాతలో ఒక లైను: విలియం ట్రెవలక్, గని పనివాడు, వయసు ఇరవై ఏడు, జ్వరం, 1894 మార్చి. సమాధి రాయి ఎక్కడా లేదు.

శ్యామ్‌సుందర్ ఆ ఫోటోని విన్నిఫ్రెడ్‌కి పంపాడు. చర్చి చిరునామా, నరసింహ చిరునామా రాశాడు. మీకు అభ్యంతరమైతే ఈ పేరు వదిలేస్తానని కూడా రాశాడు. కింద చెరుకుమిల్లి శ్యామ్‌సుందర్ అని సంతకం చేశాడు. ఆ సంతకం చేసి ఏడేళ్ళైంది.

జవాబు మూడు నెలలకి వచ్చింది. ఒక కార్డు, అంతే.

"మీ మాట నమ్మలేదు. చర్చి ఫాదర్‌కి నేనే విడిగా రాశాను. ఆయన జవాబు నిన్న వచ్చింది. నిజమే. పత్రికలో వేస్తున్నాను, ఫాదర్‌ది, మీ తమ్ముడిది పేర్లు పెట్టి. మీ పేరు వేయడం లేదు. మీరు అర్థం చేసుకుంటారు. పేరు వదలాలా ఉంచుకోవాలా అన్నది మీ ఇష్టం. నేను లెక్క మాత్రమే రాస్తాను. ఆయనకి ఇరవై ఏడేళ్ళేనని తెలిసి ఆ రోజంతా ఏ పనీ చేయలేకపోయాను. రేణుకి నా ముద్దులు."

అతనికి అర్థమైంది. నమ్మకపోవడమే సరైనదని కూడా అర్థమైంది. అయినా ఆ మొదటి మాట దగ్గర మొహం వేడెక్కింది. ఆ తర్వాత ఎన్నిసార్లు చదివినా అక్కడ వేడెక్కుతూనే ఉంది.

ఈసారి దాచలేదు. కార్డు తీసుకెళ్ళి రేణుకి ఇచ్చాడు. పదకొండేళ్ళ పిల్ల, మంచంమీద బోర్లా పడుకుని హోంవర్క్ చేసుకుంటోంది. చదివింది. కార్డు అద్దానికి ఆనించి పెట్టింది. కాసేపటికి, తల ఎత్తకుండానే, "మరి నీ నిజం గ్రేట్ గ్రాండ్‌ఫాదర్ ఎవరు?" అంది.

శ్యామ్‌సుందర్ మంచం చివర కూర్చున్నాడు. ఆయన పేరు కామయ్య అని చెప్పాడు. పడవల మీద బెల్లం వ్యాపారం చేసేవాడని విన్నానన్నాడు. ఎలా ఉండేవాడు, ఎప్పుడు పోయాడు, ఆయనకి ఏం ఇష్టం అని రేణు ఒక్కొక్కటే అడుగుతూ పోయింది. అతనికి చాలావాటికి జవాబులు తెలియవు. తెలియని ప్రతిచోటా తెలియదనే చెప్పాడు. రేణు పెన్సిల్ తీసుకుని, చెప్పినవి మాత్రం రాసుకుంది.